కంకర వాకిలి: మన ఎండకీ మన వానకీ నిలిచేలా ఎలా వేసుకోవాలి

"ఇంటి ముందు ఖాళీ జాగ ఉంది. లాన్ పెంచడానికి నీళ్లు లేవు. టైల్స్ వేస్తే మే నెలలో పెనం మీద కాలు పెట్టినట్టే. కంకర పోసి, మధ్యలో నాలుగు కలబందలు, ఒక కాగితాల పూల చెట్టు పెట్టుకుంటే ఎట్లుంటది?" ఎండాకాలం వచ్చిందంటే హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, పెద్దపల్లి వైపు నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంటుంది.

వేసుకోవచ్చు. బాగుంటుంది కూడా. కాకపోతే మీరు చూసిన వీడియోలు చాలావరకు అరిజోనావో రాజస్థాన్‌వో అయి ఉంటాయి. అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఏడాది మొత్తం కలిపినా సగటు వాన 200 మిల్లీమీటర్లకు చేరదు. వరంగల్ ప్రాంతంలో అది 900 మిల్లీమీటర్ల పైమాట, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అంటే ఫీనిక్స్‌లో మూడేళ్లకు పైగా పడే వాన అక్కడ ఒక్క రోజులో పడింది. రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులున్న మాట నిజమే, ఆ ఎండ ఎడారి ఎండే. కానీ మన ఎడారి నాలుగు నెలలే. తర్వాతి నాలుగు నెలలు అదే జాగ బురదగుంట.

కాబట్టి మన దగ్గర కంకర వాకిలి పాడయ్యేది ఎండకి కాదు, వానకి. కింది పద్ధతి మొత్తం ఆ లెక్క మీదే ఉంటుంది.

ముందు ఎక్కడ వేయొద్దో చూసుకోండి

గేటు ముందు, గడప ముందు కంకర వద్దు. కల్లాపి చల్లలేరు, ముగ్గు వేయలేరు. పండగ పూట ఆ ఇబ్బంది తెలుస్తుంది. అక్కడ కనీసం 6 అడుగుల మేర షాబాద్ బండలో గ్రానైట్ ముక్కలో పరవండి. బతుకమ్మ మీ వాకిట్లోనే ఆడే అలవాటుంటే ఆ జాగ అలాగే మట్టిగానో బండగానో వదిలేయండి. కంకర మీద చెప్పులు లేకుండా తిరగడం ఎవరి వల్లా కాదు. తులసి గద్దె చుట్టూ ప్రదక్షిణకి కూడా ఇదే లెక్క.

వేప, కానుగ, బాదం చెట్ల కింద కూడా వద్దు. వేప ఆకు రాలే రోజుల్లో రాళ్ల సందుల్లో దిగిన ఆకుని ఏ చీపురూ తీయలేదు. అది అక్కడే కుళ్లి మట్టవుతుంది, ఆ మట్టిలో గడ్డి మొలుస్తుంది. రెండేళ్లకి మీది కంకర వాకిలి కాదు, రాళ్లున్న గడ్డి వాకిలి. చెట్టు కింద ఆ ఆకునే మల్చింగ్‌గా, అంటే నేలకి కప్పుగా, వదిలి, కంకర చెట్టు కొమ్మల అంచు దాటాక మొదలుపెట్టండి.

ఇంట్లో వాకర్‌తోనో చక్రాల కుర్చీతోనో తిరిగే పెద్దవాళ్లుంటే, గేటు నుంచి గడప దాకా 4 అడుగుల వెడల్పు గట్టి దారి తప్పనిసరి. కంకర దానికి అటూ ఇటూ ఉండనివ్వండి.

ఏమేం కావాలి

- కంకర. క్రషర్ దగ్గర బేబీ చిప్స్ అని అడిగితే 10–12 ఎంఎం అటూ ఇటూ ఉన్నది ఇస్తారు. నడిచే చోటికి అదే మంచిది. చూపు కోసం వేసే చోట 20 ఎంఎం.
- మొరం. బండి నిలిపే చోటికి, నల్లరేగడి నేలకి తప్పనిసరి. గట్టి ఎర్ర చెలక అయితే తక్కువ సరిపోతుంది.
- నీళ్లు దిగే గుడ్డ: వీడ్ మ్యాట్ లేదా నాన్ వోవెన్ జియోటెక్స్‌టైల్. 100 జీఎస్ఎంకి (చదరపు మీటరుకి 100 గ్రాముల బరువు) తగ్గకుండా చూడండి.
- అంచులకి రాళ్లు. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దగ్గర దొరికే ముక్కలు, పాత కడీలు, నిలువుగా పాతిన ఇటుకలు, ఏదైనా సరే.
- పలుగు, పార, దిమ్మిస, ఇనుప పండ్ల దంతె, దారం, మేకులు, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు.
- గుడ్డను పట్టి ఉంచడానికి యూ ఆకారంలో వంచిన కమ్మీ ముక్కలు. బైండింగ్ వైరు వద్దు, లేచి వస్తుంది.
- చేతులకి మందపు గ్లౌజులు, కాళ్లకి బూట్లు. పాత రాళ్ల కుప్ప కదిపేటప్పుడు తేళ్లు ఉంటాయి. చెయ్యి పెట్టే ముందు పలుగుతో కదపండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

చాలామంది మేలో ఉత్సాహంగా కంకర దింపించి, జూలైలో బాధపడతారు. నా సలహా ఇది: ఏప్రిల్, మే నెలల్లో నేల చదును, వాలు, కాలువ పని ముగించండి. తొలకరికి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి, మొలిచిన గడ్డిని తవ్వేయండి. జూలైలో నాటు మొక్కలు పెట్టండి. దసరా దాటాక, అక్టోబరు చివర్లోనో నవంబరులోనో కంకర పోయండి. అన్నాళ్లు ఆగే ఓపిక లేకపోతే కనీసం రెండు గట్టి వానలు చూశాకైనా పోయండి.

1. నేల తీరు తెలుసుకోండి

అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. మొత్తం ఇంకాక రెండోసారి నింపి, గంట తర్వాత పుల్ల పెట్టి కొలవండి. రెండోసారి కొలతే లెక్క, మొదటిసారి పొడి మట్టి ఎలాగూ తాగేస్తుంది. గంటకి 2 అంగుళాలు, ఆ పైన దిగితే హాయి. ఒక అంగుళం కూడా దిగకపోతే నల్లరేగడో, కింద బండో, ఇల్లు కట్టేటప్పుడు పడేసిన సిమెంటు చెత్తో ఉంది. కొత్త కాలనీల్లో ఎక్కువగా మూడోదే. పలుగుతో పొడిచి చూస్తే తెలుస్తుంది. ఆ చెత్తను తీసేయక తప్పదు, దాని మీద వేసిన ఏ మొక్కా బతకదు.

నల్లరేగడి అయితే ఇంకో చిక్కు. ఎండకి బెత్తెడు పగులు ఇస్తుంది, వానకి ఉబ్బుతుంది. నేరుగా దాని మీద పోసిన కంకర రెండు వానాకాలాల్లో మట్టిలో కలిసిపోతుంది. అక్కడ మొరం పొర, గుడ్డ రెండూ వేయాల్సిందే.

2. వాలు పెట్టండి

ఇల్లు ఎత్తు, గేటు వైపు లేదా ఇంకుడు గుంత వైపు పల్లం. 10 అడుగుల దూరానికి 2 అంగుళాలు దిగితే చాలు. అంతకంటే ఎక్కువ వాలు పెడితే గట్టి వానకి కంకర కూడా నీళ్లతో పాటు రోడ్డెక్కుతుంది. పక్కింటి గోడ వైపు మాత్రం వాలు పెట్టకండి, తగువు కొనితెచ్చుకున్నట్టే.

నీళ్ల ట్యూబుతో గోడ మీద ఒక గుర్తు, గేటు స్తంభం మీద ఒక గుర్తు పెట్టి దారం లాగండి. దారం నుంచి నేల దాకా ప్రతి 5 అడుగులకి కొలుచుకుంటూ పోతే ఎక్కడ మిట్టో ఎక్కడ గుంటో బయటపడుతుంది. కంటి అంచనాని నమ్మకండి, ప్రహరీ గోడ వాలుగా ఉంటే నేల చదునుగా ఉన్నట్టు కనబడుతుంది.

పరీక్ష: పైపుతో పావుగంట నీళ్లు వదలండి. ఆపిన అరగంటకి ఎక్కడైనా నీళ్లు నిలిచి ఉంటే, అది ఇప్పుడే సరిచేయండి. కంకర పోశాక ఆ గుంట కనబడదు, దోమలకి మాత్రం తెలుస్తుంది.

3. డాబా నీళ్లకి దారి చూపండి

ఎక్కువమంది మర్చిపోయే పని ఇది. 1000 చదరపు అడుగుల డాబా మీద అంగుళం వాన పడితే సుమారు 2300 లీటర్లు. ఆ నీళ్లన్నీ ఒక్క పైపులోంచి కంకర మీద దూకితే అక్కడ గుంట పడుతుంది, గుడ్డ బయటికొస్తుంది. పైపు కింద ఒక వెడల్పాటి బండ పెట్టి, అక్కడి నుంచి అడుగున్నర వెడల్పు, అడుగు లోతు కాలువ తీసి, 40 ఎంఎం కంకరతోనో పెద్ద గుండ్రాళ్లతోనో నింపండి. వంపులు తిప్పితే ఎండిపోయిన వాగులా చూడ్డానికి కూడా బాగుంటుంది. నిజానికి మొత్తం వాకిలికి అందం తెచ్చేది అదే.

కాలువ చివర ఇంకుడు గుంత: 4 అడుగుల పొడవు, 4 వెడల్పు, 5 లోతు. అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద 40 ఎంఎం, ఆ మీద 20 ఎంఎం, పైన ముతక ఇసుక. ఇంటి పునాదికి 10 అడుగుల దూరం ఉండాలి. సంపుకి, సెప్టిక్ ట్యాంకుకి ఎంత దూరమైతే అంత మంచిది. నల్లరేగడిలో ఇంకుడు గుంత ఒక్కటే సరిపోదు, పొంగిన నీళ్లు వీధి డ్రైనేజీలోకి పోయేలా పైభాగంలో ఒక పైపు వదలండి. కాలువ గట్ల మీద వట్టివేరు నాటితే మట్టి కోసుకుపోదు. అది నీళ్లలో నానినా బతుకుతుంది, ఎండినా బతుకుతుంది.

4. గడ్డి పని పట్టండి

గరిక, తుంగ ఈ రెండే అసలు శత్రువులు. వయ్యారిభామ, పల్లేరు కనబడగానే పూత రాకముందే పీకితే పోతాయి. వయ్యారిభామకి గ్లౌజులు వేసుకోండి, చర్మం దద్దురెక్కుతుంది.

తుంగని పైన చెక్కితే లాభం లేదు, కింద గడ్డలు ఉంటాయి. మట్టి తడిగా ఉన్నప్పుడు గడ్డతో సహా తవ్వి తీయాలి. దాని మొన గుడ్డని కూడా చీల్చుకుని పైకొస్తుంది, "మ్యాట్ వేశాం కదా" అనుకుంటే మోసపోతారు. మే నెల ఎండని వాడుకునే దారి ఒకటుంది: నేలని బాగా తడిపి, పలచటి పారదర్శక పాలిథిన్ పరిచి, అంచులు మట్టితో మూసి, 5–6 వారాలు వదిలేయండి. పైపొరలోని గింజలు చాలావరకు చచ్చిపోతాయి. లోతులోని తుంగ గడ్డలు మాత్రం మిగులుతాయి, వాటిని తొలకరికి మొలవనిచ్చి తవ్వడమే. నల్ల షీటు వేస్తే నేల అంతగా వేడెక్కదు, పారదర్శకమైనదే వాడండి.

5. పెద్ద రాళ్లు, అంచులు ముందే కుదర్చండి

మన వైపు రాళ్లకి కరువు లేదు. అందుకే కొందరు ట్రాక్టరు నిండా గుండ్లు తెచ్చి కుప్పలు పోస్తారు. సందులున్న రాళ్ల కుప్ప తేలుకీ పాముకీ మంచి ఇల్లు. మూడే మూడు పెద్ద రాళ్లు, వేర్వేరు సైజులవి, ఒకదానికొకటి ఎడంగా పెట్టండి. ఒక్కో రాయిని మూడో వంతు భూమిలోకి పాతండి. అప్పుడది నేలలోంచి పుట్టినట్టుంటుంది, కింద సందూ మిగలదు. గడప, కిటికీ పక్కన మాత్రం రాళ్ల అలంకారం వద్దు.

అంచు రాళ్లు కంకర మట్టం కంటే అంగుళం పైకి ఉండాలి. అంచు లేకుండా పోసిన కంకర చీపురు దెబ్బకీ పిల్లల ఆటకీ చెదిరిపోతుంది. కంకర ముక్క మీద స్కూటర్ బ్రేకు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. వాలు కింది వైపు అంచులో మాత్రం 3 అడుగులకొకటి చొప్పున వేలెడు సందు వదలండి, నీళ్లు పోవాలి.

6. మొరం, దిమ్మిస

నడిచే చోట 2–3 అంగుళాలు, కారు నిలిపే చోట 4–6 అంగుళాల మొరం. ఒకేసారి పోయకుండా 2 అంగుళాల చొప్పున పోసి, కొద్దిగా తడిపి, దిమ్మిస కొట్టాలి. బురదయ్యేంత తడపొద్దు, పిడికిట పడితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకపోతే గట్టిపడినట్టు.

మొక్కలు పెట్టే చోట మొరం వేయకండి, దిమ్మిస కొట్టకండి. ముందే సున్నంతో గీతలు గీసి ఆ జాగలు వదిలేయండి. కారుకైతే మొత్తం కంకర కన్నా చక్రాలు పోయే రెండు వరుసలు బండలు పరిచి, మధ్యలో చిప్స్ పోయడం మేలు. చక్రం తిప్పిన ప్రతిసారీ కంకర పక్కకి నెట్టుకుపోదు.

7. మొక్కలు నాటండి

ఇక్కడ కొంచెం ఆగి చదవండి. డబ్బులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మొదటి రకం, మన నేల మొక్కలు. తంగేడుని మించినది లేదు. గుట్టల మీద, మొరం నేలలో ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతుంది, సరిగ్గా బతుకమ్మ నాటికి పసుపుపచ్చగా పూస్తుంది. అడవి నుంచి పీకి తెచ్చిన తంగేడు మొక్క మాత్రం సాధారణంగా బతకదు, తల్లివేరు తెగుతుంది. ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, వేడి నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, జూన్–జూలైలో నేరుగా నేలలో వేయండి. ఒక్కో చోట నాలుగు గింజలు వేసి, గట్టిది ఒకటి ఉంచండి. పెద్ద చెట్టు ఒకటి కావాలంటే పడమర వైపు రేల పెట్టండి. ఎండలు ముదిరే వేళకి పసుపు గుత్తులు వేలాడతాయి, సాయంత్రం ఎండ కంకర మీద పడకుండా అడ్డుకుంటుంది. జమ్మి నిదానంగా పెరుగుతుంది, కానీ ఎంత ఎండనైనా ఓర్చుకుంటుంది. ఏ చెట్టుకైనా గోడ నుంచి 10 అడుగులు వదలండి. ఇవన్నీ వానాకాలం మొదట్లో నాటేవి.

రెండో రకం, ఎడారి మొక్కలు: అడీనియం, కలబంద, నాగజెముడు, కిత్తనార. ఇవి మన ఎండకి చావవు, మన వానకి కుళ్లుతాయి. వీటిని నేల మట్టంలో నాటకండి. 9 అంగుళాల నుంచి అడుగు ఎత్తు దిబ్బ చేసి దాని మీద నాటండి. దిబ్బ మట్టి: తవ్విన మట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, 6 ఎంఎం చిప్స్ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఇసుక ఖర్చని క్రషర్ డస్ట్ కలిపితే అది తడిసి ఆరి గచ్చులా బిగుసుకుంటుంది, కలపకండి. నాటే కాలం కూడా వేరు. వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు, లేదంటే ఫిబ్రవరి. అడీనియం ఉబ్బిన మొదలు మట్టి పైన కనబడాలి, పూడ్చకండి.

మూడో రకం పూల పొదలు. కాగితాల పువ్వుకి నీళ్లు ఎక్కువైతే ఆకే వస్తుంది, పువ్వు రాదు. నీళ్లు తగ్గిస్తే పూస్తుంది. ముళ్లుంటాయి కాబట్టి దారికి 3 అడుగుల ఎడం. దేవగన్నేరు చలికాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. చచ్చిపోయిందని పీకేయకండి. కింద రంగు కోసం గడ్డి గులాబి, బిళ్ళ గన్నేరు చాలు. బిళ్ళ గన్నేరు గింజలు రాలి కంకరలో తనంతట తనే మొలుస్తుంది. ఇష్టమైతే ఉంచండి, లేకపోతే చిన్నప్పుడే పీకండి. వంటింటి వైపు నిమ్మగడ్డి ఒక దుబ్బు వేసుకుంటే చాయ్‌లోకి పనికొస్తుంది.

జాగ్రత్త: ఎర్ర గన్నేరు, తెల్ల గన్నేరు ఆకు నుంచి వేరు దాకా విషం. అడీనియం పాలు కూడా విషమే. పాకే పిల్లలున్న ఇంట్లో, మేకలు, ఆవులు వచ్చే వాకిట్లో పెట్టకండి. బొంతజెముడు లాంటి పాలు కారే జెముళ్ల పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కోసేటప్పుడు అద్దాలు పెట్టుకోండి. నాగజెముడు మీద పెద్ద ముళ్లకంటే కంటికి కనబడని నూగు ముళ్లే బాధపెడతాయి, వాటిని అతికించే టేపు అద్ది తీయాలి. కిత్తనార ఆకు మొనలు సరిగ్గా చిన్న పిల్లల కంటి ఎత్తులో ఉంటాయి. పిల్లలు ఆడుకునే చోట అది వద్దే వద్దు.

అరేకా పామ్, ఫెర్న్, రంగు ఆకుల మొక్కలు నర్సరీలో నీడ వల కింద ముద్దుగా ఉంటాయి. కంకర వేడికి ఏప్రిల్‌లోనే అంచులు మాడిపోతాయి. బలవంతంగా అంటగట్టినా తెచ్చుకోకండి. ఏ మొక్క తెచ్చినా కవర్లో జిగురు మట్టి ముద్ద ఉంటే, దాన్ని సగం విడదీసి నాటండి. లేకపోతే వేళ్లు ఆ ముద్దలోనే తిరుగుతుంటాయి.

8. గుడ్డ పరవండి

వాలుకి అడ్డంగా, కింది వైపు నుంచి మొదలుపెట్టండి. ఎగువ పట్టీ దిగువ పట్టీ మీదికి 6 అంగుళాలు ఎక్కాలి. అప్పుడు జారే నీళ్లు కిందికి దూరవు. 3 అడుగులకొక యూ కమ్మీ కొట్టండి. మొక్క దగ్గర గుణకారపు గుర్తులా కోసి, మూలలు కిందికి మడవండి. మొదలు చుట్టూ కనీసం జానెడు వదలండి, మొక్క లావెక్కుతుంది కదా. చెట్ల గుంతల మీద మాత్రం గుడ్డ లేకుండా 3 అడుగుల వలయం వదిలేయడమే మంచిది.

గుడ్డ ఖర్చెందుకని పాత ఫ్లెక్సీలు పరిచేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎన్నికల తర్వాత ఊరికే దొరుకుతాయి మరి. ఫ్లెక్సీ, టార్పాలిన్, పాలిథిన్ ఏదైనా సరే, నీళ్లు దిగవు. వానకి కంకర కింద నీళ్లు నిలిచి, రాళ్లు తేలినట్టు జారతాయి. మొక్కల వేళ్లకి గాలి అందదు. ఒకటి రెండేళ్లకి ఎండకి పొడిపొడిగా రాలి, ఆ ముక్కలు ఏరడం ఇంకో పని. సిమెంటు బస్తాలు కుట్టి పరిచినా ముగింపు అదే. డబ్బు తక్కువైతే గుడ్డ మానేసి, మొరం గట్టిగా కొట్టి దాని మీదే కంకర పోయండి. గడ్డి కాస్త ఎక్కువ పీకాల్సి వస్తుంది, అంతకంటే నష్టం లేదు. నల్లరేగడిలో మాత్రం గుడ్డ మానొద్దు.

9. కంకర లెక్క, కంకర పోయడం

67 గజాలంటే దాదాపు 600 చదరపు అడుగులు. 2 అంగుళాల మందం పోస్తే 100 ఘనపు అడుగులు. పదో వంతు ఎక్కువ చెప్పండి. 2 అంగుళాల కంటే తక్కువైతే గుడ్డ కనబడుతుంది, 3 దాటితే నడిచేటప్పుడు కాలు కూరుకుపోతుంది. ట్రాక్టరు ట్రాలీలన్నీ ఒకే కొలత ఉండవు. "ఒక ట్రిప్పు" అని బేరం ఆడకుండా ట్రాలీ పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు టేపుతో కొలిచి, మూడూ గుణించి, ఘనపు అడుగుల లెక్కన మాట్లాడుకోండి.

గుండ్రటి గులకరాళ్లు అందంగానే ఉంటాయి, కానీ కాలి కింద దొర్లుతాయి. దారిలో కోణాలున్న చిప్స్ పోస్తే ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. గులకరాళ్లని మొక్కల చుట్టూ వాడుకోండి. తెల్ల మార్బుల్ చిప్స్ గురించి చాలామంది అడుగుతారు. మధ్యాహ్నం పూట వాటిని చూడలేరు, కళ్లు చెదురుతాయి. మొదటి వానకే ఎర్రమట్టి మరకలు పడతాయి. మనకి దొరికే బూడిద రంగు, ఎరుపు జీర గ్రానైట్ చిప్స్ మట్టి పడినా దాచుకుంటాయి. మరీ నల్ల రాయి వద్దు, ఎక్కువ వేడెక్కుతుంది.

క్రషర్ కంకరలో దుమ్ము ఉంటుంది. అలాగే పోస్తే ఆ దుమ్ము మొదటి వానకి కిందికి దిగి గుడ్డ రంధ్రాలు పూడుస్తుంది. వాలుగా నిలబెట్టిన ఇనుప జల్లెడ మీద పోసి, పైపుతో కడగండి. ఆ నీళ్లు సిమెంటు నీళ్లలా ఉంటాయి, మొక్కల్లోకి వదలకండి. గుడ్డ మీద ట్రాలీ ఎక్కించవద్దు. బయట దింపించి తట్టలతో మోసి దంతెతో సర్దండి. మొక్క మొదలుకి కంకర ఆనకూడదు, 3–4 అంగుళాల ఖాళీ ఉండాలి. మేలో వేడెక్కిన రాయి లేత కాండాన్ని కాలుస్తుంది.

మందం చూడటానికి అక్కడక్కడా ఇనుప చువ్వ గుచ్చి, వేలితో గుర్తు పట్టి కొలవండి.

10. నీళ్లు

తంగేడు, రేల, జమ్మి లాంటివాటికి మొదటి ఎండాకాలం నాలుగు రోజులకోసారి చెట్టుకి ఒక బకెట్టు. రెండో ఏడు వారానికోసారి. మూడో ఏడు నుంచి చాలావరకు వాటి దారిన వదిలేయొచ్చు. రోజూ చెంబెడు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి, ఒక్క వారం ఊరెళ్తే మొక్క ఎండిపోతుంది. అప్పుడప్పుడు పోసినా లోతుగా పోయండి.

దిబ్బ మీది ఎడారి మొక్కలకి ఎండాకాలంలో 10 రోజులకోసారి, వానాకాలంలో అసలు వద్దు. అడీనియం మొదలు ముడతలుపడి, నొక్కితే కొంచెం లొంగితే దాహం. గుజ్జులా మెత్తగా ఉంటే కుళ్లు, నీళ్లు పోస్తే ఇంకా త్వరగా పోతుంది. కలబంద ఎండకి ఎర్రబడితే జబ్బు కాదు, వానలకి మళ్లీ పచ్చబడుతుంది.

డ్రిప్పు పైపు గుడ్డ పైన, కంకర కింద వేయండి. బోరు నీళ్లకి ఉప్పు పేరుకుంటుంది, నెలకోసారి చివరి మూత తీసి నీళ్లు వదిలి కడగండి. డ్రిప్పు వద్దనుకుంటే కుమ్మరి దగ్గర పాలిష్ లేని మట్టికుండ కొని, మెడ దాకా మొక్క పక్కన పాతి, నింపి మూత పెట్టండి. మూత తప్పనిసరి, లేకపోతే దోమలు. ఏసీ నీళ్లు నిశ్చింతగా పోయొచ్చు. ఆర్ఓ వదిలేసే నీళ్లు రోజూ ఒకే మొక్కకి పోస్తే ఉప్పు పేరుకుంటుంది, కడగడానికి వాడుకోండి.

మొదటి పెద్ద వాన తర్వాత

గొడుగేసుకుని బయటికెళ్లి చూడాల్సిన పని ఇది, తెల్లారి చూస్తే సగం ఆధారాలు పోతాయి. నీళ్లు ఎర్రగా బయటికి పోతున్నాయా? ఎక్కడో గుడ్డ కింద మట్టి కోసుకుపోతోంది, అంచు దగ్గర వెతకండి. కంకర గేటు దగ్గర పోగుపడిందా? వాలు ఎక్కువ, మధ్యలో అడ్డంగా ఒక వరుస అంచురాళ్లు పాతితే ఆగుతుంది. వాన వెలిసిన గంటకి కూడా రాళ్ల మధ్య నీళ్లు మెరుస్తున్నాయా? ఆ చోట కంకర తోసి గుడ్డ కోసి చూడండి, దుమ్ముతో పూడుకుపోయో కింద గుంట ఉండో అయి ఉంటుంది. ఇంటి గోడ లోపలి వైపు చెమ్మ కనబడితే మిగతావన్నీ పక్కన పెట్టి అదే ముందు చూడండి. గోడ వారన అడుగు మేర కంకర, మొరం తీసి, వాలు మళ్లీ సరిచేయాలి. గోడకి తడి, చెదలు రెండూ ఒకే దారిన వస్తాయి.

ఇక ఏటా చేసేది కొంచెమే. వారానికోసారి దంతె, తొలకరి తర్వాత రెండుసార్లు గడ్డి పీకడం. రాళ్ల మీద పడిన దుమ్ములోనే గింజలు మొలుస్తాయి కాబట్టి ఆ గడ్డి వేలితోనే వచ్చేస్తుంది, వారం ఆలస్యమైతే వేరు గుడ్డని పట్టేస్తుంది. గడ్డిమందు కొట్టకండి, వాననీళ్లతో అది ఇంకుడు గుంతలోకే పోతుంది. మూడు నాలుగేళ్లకి కంకర కొంత దిగుతుంది. అప్పుడు కొత్తది పోయడానికి ముందు పాతదాన్ని దంతెతో ఒక పక్కకి లాగి, జల్లించి, మట్టి తీసేయండి. కొత్త ట్రాలీలో సగం సరిపోతుంది. రంగు కలవాలంటే మొదట తెచ్చిన క్రషర్ పేరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి.